పీణ్యలో ఒక మాట

బెంగుళూరు చూడవచ్చిన చుట్టాలను మనము లాల్‌బాగుకు తీసుకుపోతాము, విధానసౌధ చూపిస్తాము, తీరిక ఉంటే బసవనగుడిలో నంది దర్శనము చేయిస్తాము. పీణ్యకు మాత్రము ఎవరినీ తీసుకుపోము. అక్కడ గోపురము లేదు, తోట లేదు, ఫోటో తీయించుకోదగిన మెట్లు కూడా లేవు. ఉన్నవల్లా రేకుల కప్పులు, ఇనుప గేట్లు, లారీలు, నూనె మరకలు. అయినా మన కుటుంబాలలో పీణ్య ఉప్పు తినని ఇల్లు అరుదు. తాతగారు కాకపోతే మేనమామ, మేనమామ కాకపోతే పెద్దల్లుడు కొంతకాలమైనా అక్కడ పని చేసే ఉంటారు. అందుకని ఒక శనివారము నాడు మేము పనిగట్టుకొని పీణ్య చూడబోయాము. చూచినదానికన్న విన్నది ఎక్కువ. విన్నవాటిలో ఒక్క మాట మమ్మల్ని చాలా దూరము తీసుకుపోయింది. ఆ మాట సంగతే ఇక్కడ చెప్పదలచాము.

ఇప్పుడు పీణ్య పోవడము పెద్ద శ్రమ కాదు. మెజెస్టిక్‌లో ఆకుపచ్చ మార్గపు మెట్రో ఎక్కితే యశ్వంతపురము, గొరగుంటెపాళ్య దాటిన తరువాత పీణ్య, ఆపైన పీణ్య ఇండస్ట్రీ స్టేషన్లు వస్తాయి. సంపిగె రోడ్డు నుంచి పీణ్య ఇండస్ట్రీ వరకు ఈ మార్గము 2014 మార్చి 1న మొదలయింది. అంతకు పూర్వము సిటీ బస్సులో ఊపిరాడక నిలబడి పోయినవారు దిగిన తరువాత చొక్కా గుండీలు లెక్క చూచుకొనేవారు. ఇప్పుడు తుమకూరు రోడ్డు నెత్తిమీదుగా, చల్లని గాలిలో, పెద్దమనుషులవలె కూర్చుని పోవచ్చును.

పీణ్య పుట్టుకకు ముందు కొంత కథ ఉన్నది. స్వాతంత్ర్యము వచ్చిన కొద్ది ఏళ్ళలో ఈ ఉత్తరపు వైపున జాలహళ్ళిలో పెద్ద కర్మాగారాలు వెలిశాయి. హిందుస్థాన్ మెషిన్ టూల్స్ 1953లో, భారత్ ఎలక్ట్రానిక్స్ 1954లో ఏర్పడ్డాయి. పెద్ద యంత్రాలు ఉన్నచోట వాటికి చిన్న చిన్న భాగాలు చేసిపెట్టేవారు కావాలి గదా! 1970ల చివరలో చిన్న పరిశ్రమల కోసమని పీణ్య పారిశ్రామికవాడ ఏర్పాటయింది. మొదటి హంతము, రెండవ హంతము అంటూ పెరిగి పెరిగి, ఆసియాలోనే పెద్ద పారిశ్రామికవాడలలో ఒకటి అనిపించుకున్నది. ఒక షెడ్డులో లేతు మీద ఇరుసులు తిరుగుతుంటాయి. పక్క షెడ్డులో ప్రెస్సు దడదడలాడుతుంటుంది. ఎదుటి మేడలో వందలకొద్దీ కుట్టు మిషన్ల ముందు ఆడపిల్లలు చొక్కాలు కుడుతుంటారు. టర్నరు, ఫిట్టరు, వెల్డరు, హెల్పరు - ఈ నాలుగు మాటలు తెలిసినవాడు పీణ్యలో ఏ భాషవాడయినా బ్రతకగలడు.

మధ్యాహ్నము భోజనాల వేళ వీధిలో నిలుచుంటే భాషల సంత చూడవచ్చును. కన్నడము సరే, ఇంటి యజమాని. ఉత్తర కర్ణాటకము నుంచి వచ్చినవారి కన్నడము ఒక తీరు, మండ్యవారిది మరొక తీరు. హిందూపురము, కదిరి, మదనపల్లె నుంచి వచ్చిన మనవారి తెలుగు, తమిళము, ఉర్దూ, ఒడియా, బెంగాలీ, భోజపురి, అన్నీ ఒకే టీ గ్లాసు చుట్టూ తిరుగుతుంటాయి. ఏ రోటి దగ్గర ఆ పాట అన్న సామెత పీణ్యలో పనికిరాదు. ఇక్కడ అన్ని పాటలూ ఒకే రోటి దగ్గర.

భాషలు ఇంత దగ్గరగా మెలగేచోట తమాషాలు తప్పవు. కన్నడములో ‘ఎక్కడ’ అంటే చెప్పు, కాలికి తొడిగే చెప్పు. ఊరికి కొత్తగా వచ్చిన మనవాడు దారి తెలియక ‘ఎక్కడ, ఎక్కడ’ అని అడుగుతుంటే ఎదుటివాడు తన కాళ్ళవైపు చూచుకుంటాడు. ఇంకా తెలియక ‘ఎక్కడో చెప్పు’ అన్నాడా, రెండు భాషలలోనూ కలిపి జత పూర్తి అయినట్లే! ఈ ఛలోక్తి బెంగుళూరులో పాతబడినా అరిగిపోలేదు. ఎవరి మనసూ నొప్పించని ఛలోక్తి అయినందువల్లనే కాబోలు, అది ఇన్నాళ్ళు బ్రతికింది.

మేము చెప్పదలచిన మాట అంత అమాయకమైనది కాదు. ఆ మాట ‘గుల్టీ’. తెలుగువాడు అని దాని అర్థము. ఆ ఒక్కరోజున, అరమైలు వీధిలో, దానిని మేము నాలుగు రకాలుగా విన్నాము.

మొదట టీ దుకాణము దగ్గర. ఒక కన్నడ ఫిట్టరు తన పక్కవాని వీపు చరిచి, ‘ఏనో గుల్టీ, ఊట ఆయ్తా?’ అన్నాడు. భోంచేశావా అని. ‘ఆయ్తు గురూ’ అని మనవాడు నవ్వి తన గ్లాసులో సగము టీ అతనికి వంచి ఇచ్చాడు. ఇక్కడ ఆ మాటకు అర్థము స్నేహితుడు అని. రెండవసారి అద్దె గదుల సందులో. ఒక యజమాని ఫోనులో ఎవరికో చెబుతున్నాడు, గుల్టీలకు గది ఇవ్వదలచుకోలేదని. మాట అదే, అర్థము మాత్రము ‘నమ్మరానివాడు’ అని. మూడవసారి నలుగురు తెలుగు కుర్రవాళ్ళ మధ్య. వారు ఫోనులో తమ స్నేహబృందానికి ఆ మాటనే పేరుగా పెట్టుకున్నారు. ‘వాళ్ళు అనేలోపల మనమే అనుకుంటే సరి’ అన్నాడు వారిలో ఒకడు. నాలుగవసారి విన్నది ఒక పెద్దమనిషి నోట. ఆయన చక్కని తెలుగు మాట్లాడతారు, ఇక్కడే పుట్టి పెరిగినవారు. కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళను దూరమునుంచి చూపించి, ‘ఈ గుల్టీల వల్లనేనండీ మన పరువు పోతున్నది’ అన్నారు. ఈ నాలుగవదే మా మనసులో నిలిచిపోయింది.

మాట పుట్టుక అందరూ చెప్పుకొనేదే. ‘తెలుగు’ అనే మూడక్షరాలను వెనుకనుంచి చదివితే గు-లు-తె. నాలుక తొందరలో అది గుల్టి అయినది. తమిళులు గొల్టి అంటారు. మన చిన్నతనాలలో ప్రతి అక్షరము ముందు ‘క’ చేర్చి మాట్లాడుకొనే క-భాష ఉండేది గదా! పెద్దవాళ్ళ ఎదుట వారికి తెలియకుండా మాట్లాడుకోవడానికి పిల్లలు కల్పించుకున్న ఉపాయము అది. తిరగవేసిన మాట పని కూడా అదే. ఎదుట ఉన్న మనిషిని గురించి, అతనికి తెలియకుండా చెప్పుకోవడము. కాలేజీ హాస్టళ్ళలోనూ కచేరీలలోనూ అది అలాగే చెలామణి అయినది. అయితే రహస్యపు మాట బ్రతుకు ఎన్నాళ్ళు? ఎదుటివాడికి అర్థము తెలిసిన నాడు దాని మొదటి పని ముగిసిపోతుంది. అప్పుడది ముద్దుపేరన్నా కావాలి, తిట్టన్నా కావాలి. ఏది అవుతుందన్నది అక్షరాలలో లేదు, అనేవాడికీ పడేవాడికీ నడుమ ఉన్న సంబంధములో ఉన్నది.

ఇరుగుపొరుగు జాతులకు పేర్లు పెట్టడము దక్షిణాదిలో పాత అలవాటే. ఉత్తరాన ఉన్నవారు గనుక ప్రాచీన తమిళులు మనవారిని వడుగరు అన్నారు. దిక్కు పేరే తప్ప అందులో చెడ్డ లేదు. కోయంబత్తూరు, ఈరోడు ప్రాంతము కొంగునాడు. సరిహద్దుకు అవతల ఉన్న ఆ నాటి పేరునుబట్టి కన్నడిగులు తమిళులను కొంగరు అన్నారు. అదీ మొదట ఊరి గుర్తే. తరువాత కావేరి నీళ్ళు వచ్చాయి. ట్రిబ్యునలు మధ్యంతర ఉత్తర్వు గెజెటులో ప్రకటితమయిన 1991 డిసెంబరులో బెంగుళూరులో తమిళుల ఇళ్ళమీద, దుకాణాలమీద దాడులు జరిగాయి. మళ్ళీ 2016 సెప్టెంబరు 12న నగరము మండింది. పీణ్యకు దాపున ఉన్న హెగ్గనహళ్ళిలో పోలీసు కాల్పులలో ఒక మనిషి చనిపోయాడు. 16 పోలీసు ఠాణాల పరిధిలో కర్ఫ్యూ పెట్టారు. అటువంటి రోజులలో ఊరి గుర్తుగా పుట్టిన మాట రాయి అవుతుంది. కొంగ అన్న మాటను నిన్నటిదాకా నవ్వుతూ విన్నవాడు ఆనాడు తలుపు గడియ వేసుకొని వినవలసి వచ్చింది.

మనకు ఆ బాధ తెలియదని అనుకోవద్దు. ఇటువంటి మాటల దెబ్బ తెలుగువారు సముద్రము దాటి తిన్నారు. కాకినాడ దగ్గర, గోదావరి పాయ సముద్రములో కలిసేచోట, కోరంగి అని ఒకనాటి గొప్ప రేవు. 1839 నవంబరు తుఫానులో అది నేలమట్టమయినది. కాని దాని పేరు బర్మాలో బ్రతికింది. రేవులో పనికి, మిల్లులలో పనికి, రిక్షా లాగడానికి రంగూను పోయిన మనవారినందరినీ అక్కడ కోరంగీలు అన్నారు. విశాఖపట్టణమునుంచి పోయినవాడూ కోరంగీయే, శ్రీకాకుళమునుంచి పోయినవాడూ కోరంగీయే. ఓడ ఎక్కిన రేవు పేరు జాతి పేరయింది. జాతి చేసేది బరువులు మోసే పని గనుక, ఆ పేరు కూలి అన్నమాటకు బదులుగా నిలిచింది. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వారి స్థానములో బర్మీయులను పనిలోకి తెచ్చాయి. సమ్మె పరిష్కారమై మనవారు తిరిగి రాగానే బర్మీయులను పొమ్మన్నారు. మే 26న ఇరువురి మధ్య రేగిన కొట్లాట నగరమంతా ప్రాకి, వందకు పైగా ప్రాణాలు తీసింది. చచ్చినవారిలో ఎక్కువ మంది తెలుగువారు. ఇద్దరు బీదవాళ్ళను ఒకరిమీదికి ఒకరిని ఉసిగొల్పిన కంపెనీల పేర్లు వీధిలో తిట్లు కాలేదు. కోరంగి అన్న మాట మాత్రము అయినది.

ఇంకా తూర్పునకు పోతే మలయా దేశము. అక్కడ మన కళింగము ‘కెలింగ్’ అయినది. ఆ రోజులలో అది వర్తకుల పేరు, మర్యాద గల పేరు. మలక్కాలో కంపుంగ్ క్లింగ్ మసీదు, పినాంగులో కపితాన్ కెలింగ్ మసీదు ఆ పేరుతో నేటికీ నిలిచి ఉన్నాయి. కపితాన్ కెలింగ్ అంటే దక్షిణ భారతీయుల సమాజానికి పెద్ద, ప్రభుత్వము గుర్తించిన పదవి. తెల్లదొరల కాలములో రబ్బరు తోటలకు వేలాదిగా కూలీలు దిగారు. ఓడ దిగేది వర్తకుడు కాక కూలీ అయినప్పుడు పేరు కూడా మెట్టు దిగింది. ఇవాళ మలేసియాలో ఒక భారతీయుణ్ణి ఆ మాటతో పిలిస్తే తిట్టినట్లే. మసీదు మీద గౌరవము, మనిషి మీద తిట్టు. ఒకటే మాట!

మన గుల్టీకి అసలైన దాయాది మాత్రము ఫ్రాన్సు దేశములో ఉన్నది. అక్కడి కుర్రకారు మాటలను తిరగవేసి మాట్లాడే వాడుక ఒకటి ఉన్నది. దాని పేరు వెర్లాన్. ఆ పేరే ‘తలక్రిందు’ అనే ఫ్రెంచి మాటను తిరగవేసినది. అల్జీరియా, మొరాకోల నుంచి వచ్చి పారిసు శివార్లలో స్థిరపడిన కార్మికుల పిల్లలు ‘అరబ్’ అన్న మాటను తిరగవేసి ‘బర్’ అనుకున్నారు. అరబ్ అన్న మాట వీధిలో ఈసడింపుగా వినిపిస్తుంటే, తమకు తాము కల్పించుకున్న మాట అది. 1981లో పారిసులో ఆ పేరుతో ఒక రేడియో పెట్టారు. 1983 అక్టోబరు 15న మార్సేయిలో బయలుదేరిన కొద్దిమంది, సమానత్వము కోరుతూ కాలినడకన పోయి డిసెంబరు 3న పారిసు చేరేటప్పటికి వెంట లక్షమంది ఉన్నారు. పత్రికలవారు దానిని బర్‌ల యాత్ర అన్నారు. అక్కడితో మాట పెద్దల చేతికి పోయింది. రాజకీయ పక్షాలు, పత్రికలు, ఉపన్యాసకులు దానిని పట్టుకున్నారు. తమది కాని నోళ్ళలో తమ మాట పలికేసరికి ఆ పిల్లలకే అది రుచించలేదు. ఏమి చేశారు? తిరగవేసినదానినే మళ్ళీ తిరగవేసి ‘రబ’ అన్నారు. మాట రెండు మొగ్గలు వేసినా, వారు చిరునామా చెప్పినంతలో ఉద్యోగము లేదనే గుమాస్తా ఉన్నంతకాలము చిక్కు విడలేదు.

పీణ్యలో ఆ నలుగురు కుర్రవాళ్ళు చేస్తున్నది ఈ ఉపాయమే. తిట్టును తామే తొడుక్కుంటే అవతలివాడి చేతిలో అది మొద్దుబారుతుందని వారి ఆశ. అది కొంతవరకు నిజమే. కాని టీ దుకాణములో సమానులుగా కూర్చున్నవాడి విషయములోనే నిజము. గది ఇవ్వని యజమాని దగ్గర ఆ ఉపాయము పారదు. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గము ప్రైవేటు ఉద్యోగాలలో స్థానికులకు వాటా కల్పించే బిల్లును ఆమోదించి, పరిశ్రమలవారు గోల చేయగా వెంటనే నిలిపివేసింది. స్థానికుడంటే ఈ రాష్ట్రములో పుట్టి, 15 ఏళ్ళు నివసించి, కన్నడము మాట్లాడ, చదువ, వ్రాయగలవాడు అని అందులో ఉన్నది. ఈ ఊరి ఉప్పు తింటూ ఊరి భాష నేర్చుకోమనడములో తప్పు లేదు. నేర్చుకోవలసినదే, మన పెద్దలు నేర్చుకున్నారు. అయితే అటువంటి చర్చ లేచినప్పుడల్లా వీధిలోని మారుపేర్లు పదును పెట్టుకుంటాయి. ఎవరు లోపలివాడు, ఎవరు బయటివాడు అన్న ప్రశ్నకు పొడుగు సమాధానము చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. ఒక్క మాటలో తేల్చేస్తారు.

ఇప్పుడు ఆ నాలుగవ గొంతు సంగతి. ఆ పెద్దమనిషి దుర్మార్గుడు కారు. ఆయన తండ్రిగారు చిత్తూరు జిల్లా నుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చి, మాటలు పడి, ఓర్చి, ఈ ఊరిలో పరువు సంపాదించుకున్నారు. ఆ పరువును కొత్తవాళ్ళు బస్సులో బిగ్గరగా మాట్లాడి, సినిమా విడుదల నాడు వీధిలో టపాకాయలు కాల్చి పాడుచేస్తారేమోనని ఆయన భయము. ‘నేను ఆ రకము కాదు’ అని చెప్పుకోవడానికి ఆయనకు చేతికందిన మాట గుల్టీ. ఒకనాడు తండ్రిగారి వెనుక ఎవరో అన్న మాటే ఈనాడు కొడుకు నోటినుంచి మరొకరి కొడుకు మీదికి పోతున్నది. ఆ కుర్రవాడి ట్రంకుపెట్టె భుజాన వేసుకొనే సంచి అయినదే తప్ప, లోపలి సరుకు మారలేదు. రెండు జతల బట్టలు, ఒక ఊరగాయ సీసా, అమ్మకు నెలనెలా డబ్బు పంపుతానన్న మాట.

మన ఇళ్ళలో ఇంకొక సంగతి కూడా వినవచ్చును. షెడ్డులో హెల్పరుగా చేరే ఒడిస్సా, బీహారు, బెంగాలు కుర్రవాళ్ళకు మనవారు పెట్టిన పేరు ‘హిందీవాడు’. ఒడియావాడి భాష హిందీ కాదు, బెంగాలీవాడిదీ కాదు. అయినా ఉత్తరాదిన మనలనందరినీ మద్రాసీలు చేసినట్లే, మనము వారందరినీ ఒక్క గాటికి కట్టాము. ఈ మాటలో ఇప్పటికి విషము లేదు. కోరంగి అన్న మాటలోనూ మొదట లేదు. కూలి తగ్గినప్పుడు, గదుల అద్దె పెరిగినప్పుడు, ఎన్నికలు వచ్చినప్పుడు ఏ మాట ఎటు తిరుగుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు? తిరిగే మాటలు మన నోళ్ళలో సిద్ధముగా ఉంచుకోకపోవడము మాత్రము మన చేతిలో ఉన్నది.

ఫిట్టరు వీపు చరిచి పిలిచే పిలుపును ఎవరూ నిషేధించనక్కరలేదు. సగము టీ పంచుకొన్న చోట ఏ మాట అయినా చెల్లుతుంది. మేము అడిగేది మన సంఘపు కుటుంబాలను, మన నోటి మాటను గురించి. ఉగాదికి పచ్చడి పంచేటప్పుడు పీణ్య అద్దె గదులలో ఉన్న పిల్లలకు కూడా కబురు పంపుదాము. వచ్చినవారు కాస్త గట్టిగా మాట్లాడితే మాట్లాడనిద్దాము. మన తాతలు కూడా మెల్లగా మాట్లాడేవారు కారు. తెలుగులో ‘ఏ ఊరు మీది?’ అంటాము, కన్నడములో ‘యావ ఊరు?’ అంటారు. తమిళములోనూ ఊరు ఊరే. సరిహద్దులు దాటినా తిరగబడని మాట అది ఒకటి ఉండనే ఉన్నది. పీణ్యలో కొత్త ముఖము కనిపించినప్పుడు ముందు దానిని అడుగుదాము. ఆ తరువాత పేరు అడిగితే అతనే చెబుతాడు.